ఎర్రదారం చుట్టిన తుపాకి

దుప్పికి సీసం గుండు ఒక్కటే వేయాలి. మేకుల ముక్కలు, సన్నగుళ్ళు, సైకిల్ చక్రంలో ఉండే ఉక్కు బాల్సు, ఇవేవీ వేయకూడదు. ఈ మాట నాకు మా నాయన చెప్పాడు, మా పెదనాయన చెప్పాడు. నేను మాత్రం మా బావ తుంటి చూశాకే నేర్చుకున్నాను. వేట ఇప్పుడు నేరం. అప్పుడూ నేరమే. పెద్దారవీడు అవతల అడివంచు ఊళ్ళో మేమెవరమూ దాన్ని లెక్కచేయలేదు. చేసింది చేసినట్టు రాస్తున్నాను.

మావి నాటు తుపాకులు. కంభం చెరువులో వలలకు కట్టే సీసం తెచ్చి, కరిగించి గుండ్లు పోసుకునేవాళ్ళం. గుండు ఒకే గీతన పోతుంది. తగిలితే దుప్పి నాలుగడుగులు వేసి పడుతుంది, తప్పితే బతికిపోతుంది. సన్నగుళ్ళు చేటతో విసిరిన గింజల్లా చెదురుతాయి, ఎవరికి తగులుతాయో చెప్పలేం. అందుకని మాలో ఒక కట్టుబాటు ఉండేది. గుండు వేసినవాడు తుపాకి గొట్టానికి ఎర్రదారం చుట్టాలి. దారం కనపడితే దుప్పిని అదిలించేవాడు ఒక పక్కగా నిలబడి కేకలు వేయవచ్చు. దారం లేకపోతే చెట్టు చాటుకు పోవాలి.

అప్పటికి వరసగా రెండు వేటల్లో నా గుండు తప్పింది. మా అక్క మొగుడు, అదే మా బావ, టీ బంకు దగ్గర నన్ను కూర్చోనివ్వలేదు.

"మా బామ్మర్ది తుపాకి పేలిస్తే దుప్పులు తలకాయెత్తి చూస్తాయంట. ఎవురిదో పెండ్లి అనుకోని మళ్ళా మేస్తాయంట."

అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. మూడోసారి పోయేటప్పుడు గుండు పక్కన పెట్టి, సైకిల్ బాల్సు ఏడు వేశాను. ఏడింటిలో ఒకటైనా తగలకపోదు కదా. దారం లేకుండా పోతే, గుండుతో కొట్టడం చేతకాక గుళ్ళు వేసుకున్నాడని మళ్ళీ నవ్వుతారు. అందుకని దారం కూడా చుట్టాను.

తెల్లవారేసరికి మేమిద్దరం వాగు దగ్గర ఉన్నాం. బావ దారం వైపు చూశాడు.

"ఈ తూరన్నా తగుల్తాదా?"

"తగుల్తాది బావా."

ఆయన వాగు దాటి, అవతలి నుంచి కేకలు వేస్తూ దుప్పిని నా వైపు తోలాడు. తోలి, పక్కనున్న తుమ్మచెట్టు ముందే నిలబడ్డాడు. నేను దుప్పినే చూస్తున్నాను. పేల్చాను.

దుప్పి కింది దవడ ఊడి వేలాడింది. ముందుకాళ్ళు రెండూ విరిగాయి. అయినా పడలేదు, విరిగిన కాళ్ళ మీదే దేక్కుంటూ నీళ్ళ వైపు పోయింది. అరవడానికి దానికి నోరు లేదు. గొంతులోంచి గాలి, నురగ, నెత్తురు వస్తున్నాయి. మెడ మీద కూర్చుని కత్తితో పొడిచాను. చావలేదు. మళ్ళీ పొడిచాను. కొమ్ము తిప్పి నా ముంజేతిని చీల్చింది. రాయెత్తి తల మీద వేశాను. మూడుసార్లు వేశాను. నాలుగోసారి ఎత్తినప్పుడు, తుమ్మచెట్టు దగ్గర బావ మూలుగు వినిపించింది.

తుంటి మీద మూడు బొక్కలు. పంచె తడిసి కాలికి అతుక్కుంది.

"నాకు తగిలిందేందిరా?" అన్నాడు. "గుండే గదా ఏసినావు?"

"రాయికి తగిలి చీలింది బావా. ముక్కలు తగిలినాయి."

దుప్పిని పొడిచిన కత్తిని పంచెకు తుడిచి దానితోనే ఆ బొక్కల్లో కెలికాను. బావ తుండుగుడ్డ కొరుక్కుని, ఒక చేత్తో నా జుట్టు పట్టుకుని గుంజాడు. రెండు బయటికి వచ్చాయి. మూడోదాని కోసం వేలు లోపలికి పెట్టాను, ఎముక తగిలింది గానీ అది అందలేదు. ఆయన స్పృహ తప్పాడు. నా అరచేతిలో రెండు బాల్సూ ఒక్క నొక్కు కూడా పడకుండా ఉన్నాయి. వాగులోకి విసిరేశాను. బావను ఊరికి మోసుకొచ్చి, కొయ్య గుచ్చుకుందని చెప్పాను. తిరిగి ఒక్కణ్ణే పోయి దుప్పిని కోసి, తక్కిన నాలుగూ ఏరి పారేశాను.

అదంతా జరిగి చాలా ఏళ్ళయింది. మొన్న వానల్లో బావకు కాళ్ళు రెండూ తిమ్మిరెక్కాయి. మార్కాపురంలో డాక్టరు చూసి, వెన్నుకు స్కానింగ్ తీయాలి, ఆలస్యమైతే నడక పోతుందన్నాడు. బావకు అక్షరం రాదు. నేను యాభై దాటాక మనవరాలి పలక మీద నేర్చుకున్నాను. అందుకని నన్ను వెంట తీసుకుపోయాడు.

స్కానింగ్ తీసే అమ్మాయి ఒక కాగితం ఇచ్చింది. ఒంట్లో లోహం ఏదైనా ఉందా, ఉంటే ఏది అని అందులో ఉంది.

"సీసమైతే అంత భయం లేదు తాతా," అంది. "ఇనుమైతే మాత్రం మిషన్‌లో అయస్కాంతం లాగుద్ది. వెన్నుకు దగ్గరుంటే నరం తెగుద్ది."

"సీసమే తల్లీ. చీలిన ముక్క," అన్నాడు బావ. "సీసమని రాయరా, ఏంది అట్ల చూస్తావు?"

నేను "ఉక్కు" అని రాసి ఇచ్చాను. ఆ అమ్మాయికి తెలిస్తే చాలు, బావకు తెలియనక్కర్లేదు అనుకున్నాను. ఆమె పైకి చదివింది.

"ఇదేంటి, ఆయన సీసం అంటుంటే మీరు ఉక్కు అని రాశారు?"

బావ నా వైపు తిరిగాడు.

"అది సైకిల్ బాల్సు బావా. ఏడేసినా."

"దారం ఎవురు కట్టినారు?"

"నేనే."

"ఆ దారం చూసే గదరా నేను చెట్టు ముందర నిలబడింది."

చేతికర్ర ఎత్తి ముఖం మీద కొట్టాడు. పెదవి పగిలి పన్ను కదిలింది. రెండో దెబ్బ చెవి మీద పడింది. నేను చెయ్యి అడ్డం పెట్టలేదు. మూడోది ఎత్తేసరికి కాళ్ళు నిలవక తనే పడబోయాడు. పట్టుకోబోతే నా ఛాతీ మీద గుద్ది, ఆ అమ్మాయి భుజం పట్టుకుని కూర్చున్నాడు. ఆయనకు అయస్కాంతం లేని ఇంకో స్కానింగ్ తీశారు. నా పెదవికి దూది ఇచ్చారు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో నా పక్కన కూర్చోలేదు. డ్రైవరు వెనక సీటులో, కిటికీకి ముఖం పెట్టి కూర్చున్నాడు. మా ఊరి దగ్గర బస్సు ఆగింది. నేను ముందు దిగి నిలబడ్డాను. ఆయనకు మెట్టు మీదికి కాలు రావడం లేదు. కండక్టరు విజిల్ ఊదాడు. బావ నా ముఖం చూడకుండానే చెయ్యి చాపాడు.

"పట్టుకోరా. గట్టిగా పట్టుకో."