ఆర్విడ్ బండికి వయసు మీరింది

ఆర్విడ్ టోర్కెల్సన్‌ను గేటు బయట నిలబెట్టే ధైర్యం అంతవరకు ఎవరికీ రాలేదు. ఆ జనవరి మధ్యాహ్నం అరిజోనా ఎడారిలో చలికాలం ఇళ్లబండ్లు ఆపుకునే ఐరన్‌వుడ్ పార్కు నిలబెట్టింది. అదీ అతను తన చేతులతో గుంత తవ్వి, సిమెంటు పోసి పాతిన గేటు ముందు.

"ఆర్విడ్ గారూ, మీ బండి ఎన్నాళ్ల నాటిది?" అని ఆఫీసు కిటికీలోంచి అడిగింది ట్రేసీ. పార్కుకు కొత్త మేనేజరు.

"నీ కంటే కొంచెం చిన్నది. ఇరవై నాలుగేళ్లు."

"అదే ఇబ్బందండీ. పదేళ్లు దాటిన బండ్లను రానివ్వకూడదని రూలు ఉంది కదా. పాత మేనేజరు గారు మిమ్మల్ని చూసీ చూడనట్టు పోనిచ్చారు. నాకు కుదరదు."

ఆర్విడ్ మొహం ఎర్రబడింది. "అమ్మాయీ, నీ వెనకాల హాలు ఉంది చూడు. దాని పైకప్పు వేసింది నేను. రెండో వరుసకి నీళ్ల పైపు లాగింది నేను. సాయంత్రాలు ముసలాళ్లంతా బిళ్లలు తోసి ఆడతారే, ఆ గచ్చు పోసింది నేను. నన్ను పట్టుకుని రూలు చెప్తున్నావా?"

"మిమ్మల్ని కాదండీ. బండిని."

ఆ మాటతో అతనికి ఇంకా మండింది. అతనూ బండీ వేరని అంతకుముందు ఎవరూ అనలేదు.

ఉత్తర డకోటా గోధుమ పొలాల మధ్య, ఒకే గది ఉన్న బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివినవాడు ఆర్విడ్. పద్నాలుగో ఏట తండ్రి కోతయంత్రం ఒంటరిగా నడిపాడు. ఆ తర్వాత ఉద్యోగం మానేదాకా కౌంటీ రోడ్ల మీద మంచు తోసే బండి తోలాడు. ఒక మంచు తుఫాను రోజున నిండు గర్భిణి ఆసుపత్రికి చేరింది అతను తెరిచిన దారిలోనే. పుట్టిన పిల్లవాడికి ఆర్విడ్ అనే పేరు పెట్టారు. కొత్తగా పరిచయమైన వాళ్లకు కాఫీ చల్లారేలోగా ఈ సంగతి తెలిసిపోయేది. ఉద్యోగం మానగానే భార్య ఓపల్‌తో కలిసి లోపలే కాపురముండే ఈ మోటార్‌హోమ్ కొన్నాడు, కొత్తది. ప్రతి చలికాలం దక్షిణానికి దిగి, న్యూమెక్సికో ఇసుకగాలులు దాటుకుని ఇక్కడికి చేరేవారు. ఇన్నేళ్లలో ఆ బండిని ఇంకో బండి లాక్కెళ్లవలసిన అవసరం రాలేదు. అడుగు చెక్క అతనే మార్చాడు. పైకప్పు అతుకులకు ఏటా శరత్కాలంలో అతనే జిగురు పూసేవాడు.

ఈసారి పౌరుషానికి పోయి బండి తిప్పుకుని వెళ్లడానికి లేదు. ఓపల్ ఊపిరితిత్తులు రెండేళ్లుగా బాగులేవు. రాత్రిపూట శ్వాస మిషను పెట్టుకుంటే గాని నిద్ర లేదు. ఇంటి దగ్గరి చలిగాలి ఆమెకు పనికిరాదని డాక్టరు తేల్చేశాడు. పార్కు కంచె అవతల సర్కారు ఎడారిలో ఎవరైనా ఊరికే ఆపుకోవచ్చు, కానీ అక్కడ కరెంటు లేదు.

ట్రేసీ ఎవరికో ఫోను చేసి, "కమిటీ వాళ్లు వచ్చి చూస్తారు. బండి చూడ్డానికి బాగుంటే మినహాయింపు ఇవ్వచ్చు," అంది.

కమిటీ అంటే వచ్చింది వెర్న్. ఇరవై చలికాలాలు పక్క స్థలంలో ఉన్నవాడు, పొద్దున్నే ఆర్విడ్ కాఫీ తాగి వెళ్లేవాడు. ఇప్పుడు చేతిలో కాగితాలు బిగించిన అట్ట పట్టుకుని బండి చుట్టూ తిరుగుతున్నాడు.

"టైర్లు తన్ని చూడు," అన్నాడు ఆర్విడ్. "నా పళ్లు కూడా చూస్తావేంట్రా?"

"నా మీద ఎగరకు. మా బండికి ఇంకా రెండేళ్లుంది. తర్వాత నా గతీ ఇదే."

"అప్పుడు నేనొస్తాలే అట్ట పట్టుకుని."

వెర్న్ నవ్వలేదు. బండి పక్కగోడ దగ్గర ఆగాడు. అక్కడ అమెరికా పటం ఉంది. ఓపల్, ఆర్విడ్ ఏ రాష్ట్రంలో రాత్రి పడుకుంటే ఆ రాష్ట్రం ఆకారంలో ఉన్న రంగు స్టిక్కరు ముక్క తెచ్చి ఆ పటంలో అతికించేవారు. ఎండకు రంగులు వెలిసి, అంచులు పైకి లేచాయి.

"మిగతాదంతా బాగుంది ఆర్విడ్. ఇదొక్కటే పాత వాలకం తెస్తోంది. ఇది పీకేస్తే సంతకం పెడతాను."

ఆర్విడ్ బండెక్కి తలుపు విసిరి కొట్టాడు. లోపల ఓపల్ సోఫాలో కూర్చుని అంతా వింటూనే ఉంది.

"పటం పీకాలట. నలభై ఆరు రాష్ట్రాలు. వాడు నాలుగు రాష్ట్రాలు దాటాడా? ఎవడు పెట్టాడో ఈ దిక్కుమాలిన రూలు."

"నువ్వే," అంది ఓపల్.

"నేనా?"

"రంగులు పూసిన బస్సేసుకుని కుర్రాళ్లొచ్చారే, కాక్టస్ మీద బట్టలారేశారని నువ్వు గంతులేశావు. పదేళ్లు దాటిన డొక్కులు వద్దని హాల్లో మొదట చెయ్యెత్తింది ఎవరయ్యా? నీ వెనకే అందరూ ఎత్తారు."

అప్పటికి అతని బండికి తొమ్మిదేళ్లు. బండ్లు పాతబడతాయని అతనికి తెలియక కాదు. తన బండి కూడా పాతబడుతుందన్న ఆలోచన ఆ రోజు రాలేదు, అంతే. ఇప్పుడు తిట్టడానికి మనిషి దొరక్క కోపం రెట్టింపైంది. స్టీరింగును గుద్దాడు. హారన్ మోగి, పార్కులో సగంమంది తలలు తిప్పారు.

"పోనీ, కంచె అవతల ఆపుదాం. జనరేటరుంది కదా," అంది ఓపల్.

"రాత్రి చప్పుడు చేయకూడదని దాన్ని ఆపేయాలి. బ్యాటరీలు తెల్లారేదాకా నిలబడవు. అప్పుడు నీ మిషను దేనితో ఆడుతుంది, నా కోపంతోనా?"

"దాంతో అయితే వేసవి దాకా ఆడుతుంది."

అతను లేచాడు. ఓపల్ జుట్టు ఆరబెట్టుకునే యంత్రం తీసుకుని కిందికి దిగాడు. ఆఫీసు గోడకున్న ప్లగ్గుకు తీగ తగిలించాడు, ఎవరినీ అడగలేదు. వేడిగాలి తగలగానే జిగురు మెత్తబడింది. ప్లాస్టిక్ గరిటె దూర్చి ఒక్కో రాష్ట్రాన్నీ లేపాడు. మంచు గడ్డలను తోసినట్టే తోశాడు, పళ్లు బిగించి. ముక్కలు చొక్కాకు అంటుకున్నాయి. వెర్న్ సాయానికి చెయ్యి చాపితే, "ముట్టుకోకు," అన్నాడు. వెర్న్ వెనక్కి తగ్గాడు.

పటం ఉన్నచోట గోడ మరీ తెల్లగా, కొత్త బండి రంగులో బయటపడింది. వెర్న్ అట్ట మీద సంతకం పెట్టాడు. ట్రేసీ గేటు తీసింది. "చాలా శుభ్రంగా ఉందండీ ఇప్పుడు," అందామె. ఆర్విడ్ బండెక్కి కిటికీ అద్దం ఎత్తేసుకున్నాడు.

స్థలంలోకి చేరాక ముందు బండిని సమంగా నిలబెట్టి, ఆ తర్వాతే తీగలు కలపడం ఎప్పటి అలవాటో. ఆ రోజు అలా చేయలేదు. బండి ఒక పక్కకు ఒరిగి ఉండగానే కరెంటు తగిలించి, లోపలికొచ్చి మిషను మీట నొక్కాడు. అది చిన్నగా శబ్దం చేస్తూ మొదలైంది. ఓపల్ గొట్టం మొహానికి పెట్టుకుని కళ్లు మూసుకుంది. ఆమె ఛాతీ సాఫీగా ఎగిసి దిగడం చూశాకే అతను కదిలాడు.

పొద్దు వాలుతుండగా వెర్న్ ఆపిల్ ముక్కలు పెట్టి కాల్చిన తీపి రొట్టె పట్టుకుని మెట్ల దగ్గరికొచ్చాడు.

"మా ఆవిడ పంపింది. కోపం తగ్గిందా?"

"లేదు," అన్నాడు ఆర్విడ్. "దాన్ని లోపల పెట్టి పో. ఓపల్ తింటుంది."