ఫ్యాను ఆపిన గది

పీణ్యలో ఒక ఫ్యాక్టరీకి నెట్‌వర్క్ లైను బిగించి బస్సులో తిరిగి వస్తున్నాను. నా ఒడిలోని కేబుల్ చుట్టను చూసి పక్క సీటులోని పెద్దావిడ పలకరించింది. ఒకప్పుడు ఆమె ఇదే ఊళ్ళో ఒక ల్యాబ్‌లో పనిచేసిందట.

"అప్పుడు టెలిఫోన్ రిసీవర్‌ని రబ్బరు కప్పుల్లో పెట్టి కంప్యూటర్‌కి కలిపేవాళ్ళమప్పా. అక్షరాలు ఈలల మాదిరి ఫోన్లో మద్రాసు ల్యాబ్‌కి పోయేవి. గదిలో సద్దయితే తప్పులు పడేవి. అందుకే ఫ్యాను ఆపేసి, అందరూ నోరు మూసుకుని నిలబడేవాళ్ళం. ఒకసారి మా సారు తుమ్మినాడు. మద్రాసులో ఏవేవో పిచ్చి అక్షరాలు పడినాయంట!"

"మొదటిసారి సరిగ్గా పోయినప్పుడు ఏమైందమ్మా?"

"'అందింది, భోంచేసినారా' అని మద్రాసు వాళ్ళు ఇంగ్లీషులో కొట్టి పంపినారు. చప్పట్లే చప్పట్లు!"

నాకు అసూయ కలిగింది. ఆ గది, ఆ నిశ్శబ్దం, ఆ చప్పట్లు అన్నీ ఆవిడకే దక్కాయి. చివరికి ఆ తుమ్ము మీద కూడా అసూయ పడ్డాను. నేను కలిపిన లైన్లలో ఒక్కదానికీ ఎవరూ సంతోషించిన గుర్తు లేదు.

"నీకు అవతల నుంచి ఎవరప్పా జవాబిచ్చేది?"

"మెషీనే ఇస్తుందమ్మా."

"అయ్యో పాపం" అని నవ్వి, ఆవిడ యశవంతపురలో దిగిపోయింది.

మరుసటి వారం మా ఆఫీసులో కూర్చుని బొమ్మనహళ్ళిలోని ఒక గార్మెంట్ యూనిట్‌కు లైను కలిపాను. మెషీను నుంచి జవాబు వచ్చింది. అయినా ఆగలేక అక్కడి సూపర్‌వైజర్‌కు ఫోన్ చేశాను.

"అన్నా, నెట్ వచ్చిందా?"

"వచ్చింది సార్," అన్నాడతను కంగారుగా. "ఏం, మళ్ళీ పోతుందా?"