వాగు దాటకుండా బోధన్‌కు

తొంభైల మొదట్లో నేను భూగోళశాస్త్రంలో పరిశోధన చేసేదాన్ని. వర్ని వైపున్న ఒక చిన్న వాగు నా విషయం. ఉపగ్రహం తీసిన చిత్రాన్ని లైటు బల్ల మీద పరిచి, పైన పల్చటి ట్రేసింగ్ కాగితం వేసి, వాగులోకి వచ్చే ప్రతి పాయనూ పెన్సిలుతో దిద్దేదాన్ని. ఆ చిత్రంలో రంగులు అసలువి కావు; చెరుకు తోటలు ఎర్రగా, నీళ్లు నల్లగా, మొరం గడ్డలు, అంటే కంకర మిట్టలు, పాలిపోయినట్టు కనిపించేవి. గీయడం పూర్తయ్యాక చూస్తే వాగు పరీవాహకం, అంటే వాన నీళ్లు వాగులోకి చేరే నేలంతా, ఇంచుమించు గుండ్రంగా తేలింది. పొడుగాటి పరీవాహకంలో పాయల నీళ్లు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. గుండ్రటి దాంట్లో అన్నీ కలిసి ఒకేసారి మీద పడతాయి. అప్పటికి నాకది కాగితం మీది సంగతే.

శ్రావణంలో గీతలు సరిచూసుకుందామని అద్దె జీపులో వెళ్లాను. మోస్రా దాటాక ఒకామె రోడ్డుకు అడ్డం వచ్చి జీపు ఆపింది. భుజాన చిన్న పిల్ల, ఒళ్లు కాలిపోతోంది.

"అక్కా, బోధన్ దవాఖానకు తీస్కపోండ్రి. పొద్దుగాల్నుంచి ఫిట్స్ వస్తున్నయి."

ఎక్కించుకున్నాం. వాగు దగ్గరికి వచ్చేసరికి లోలెవెల్ వంతెన మీద జానెడు నీళ్లు పారుతున్నాయి. మా నెత్తిన ఎండ. ఎగువన మాత్రం ఆకాశం నల్లగా కిందికి దిగి ఉంది.

"మోకాల్లోతు గూడ లేవు మేడం, పోతది" అన్నాడు డ్రైవర్.

"వద్దన్నా. పైన పడ్డ వానంతా ఒక్కసారే వస్తుంది."

తల్లి నా చెయ్యి పట్టుకుంది. "నీ కాల్మొక్త అక్కా, పోనియ్యిండ్రి. నా బిడ్డ సచ్చిపోతది."

బానెట్ మీద నేను గీసిన ట్రేసింగ్ కాగితం పరిచాను. వాగు పుట్టే గడ్డల వెనక నుంచి చుట్టి బోధన్ రోడ్డెక్కే బండ్ల బాట ఒకటుంది. అటు మొరం నేల, చక్రం దిగబడదు. ఏ పాయా అడ్డం రాదు, నేను సరిగ్గా గీసి ఉంటే. ఒక్క పాయ నా కంటపడకపోయినా, వానలో ఎటూ కాకుండా ఇరుక్కుపోతాం.

"వెనక్కి తిప్పన్నా" అన్నాను.

"పిల్లకేమన్నయితె జిమ్మ నీదే మేడం" అని తిప్పాడు.

ఆమె నన్ను తిడుతూ ఏడ్చింది. గడ్డ ఎక్కుతుండగా వాన మీద పడింది. బాటకు అటూ ఇటూ ఎర్ర నీళ్లు దిగిపోతున్నాయి కానీ బాట మీద నిలవడంలేదు. ఒకచోట నేల పల్లంగా కనపడింది, నేను గీయని పాయేమో అనుకున్నాను. జీపు జారి, మళ్లీ పట్టు దొరికించుకుంది. పిల్లకు ఇంకోసారి ఫిట్స్ వచ్చాయి. పక్కకు తిప్పి పట్టుకున్నాం, ఇద్దరం కలిసి.

దవాఖానలో సూది వేశాక పిల్ల ఒళ్లు నెమ్మదించింది. సాయంత్రం వాగు ఇవతలి ఒడ్డు నుంచి వచ్చినాయన చెప్పాడు, ఒక జీపు వెనక్కి తిరిగిన కాసేపటికే వంతెన మీది గుర్తురాళ్లు మునిగిపోయాయట.

తల్లి విన్నది. లేచి, "మొఖం కడుక్కొస్త, జెర పట్టు అక్కా" అని పిల్లను నా ఒళ్లో పెట్టి వెళ్లింది.