ఖాళీ సీటుకూ బ్రేకు

నిన్న సైనిక్‌పురి మలుపులో ఒక స్కూలు వ్యాను కీచుమంటూ ఆగింది. కాలిన బ్రేకు వాసన ముక్కుకు తగలగానే నా చెయ్యి దానంతటదే పక్కనున్న గోడను పట్టుకుంది. మా మనవరాలు పకపకా నవ్వి, "తాతా, నువ్వు వ్యాన్లో లేవు, రోడ్డు మీదున్నావు" అంది. నిజమే. కానీ ఆ వాసన వచ్చినప్పుడల్లా నేను శామ్యూల్ గారి పక్క సీట్లోనే ఉంటాను.

శామ్యూల్ గారు సికింద్రాబాదులో మోటారు బళ్ళ తనిఖీ అధికారి, నా మొదటి పైఅధికారి. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన క్రైస్తవులు. ఇంటిల్లిపాదీ ఎక్కే పెద్ద కార్లను ఏటేటా తనిఖీకి తేవాలన్నది నిబంధన. ఆయన దానికి సొంతంగా ఒక తిరకాసు కలిపారు. రోజూ ఎక్కేవాళ్ళందరూ రావాలి, ఎవరి చోట వాళ్ళు కూర్చోవాలి. "ఖాళీ బండిని ఎవడైనా ఆపుతాడోయ్. ఆగాల్సింది మనుషులున్న బండి" అనేవారు. దాంతో మా ఆఫీసు ముందు ఎప్పుడూ ముసలమ్మలు, చంటిపిల్లలు, టిఫిన్ గిన్నెలు. నాకు చిరాకేసేది. ఆయన యాప్రాల్ దారి వాలులో బండిని వదిలి, సున్నం గీత దగ్గర బ్రేకు తొక్కేవారు. వేపచెట్టు దాటకుండా ఆగితేనే పాసైనట్టు చీటీ. తొక్కేముందు ప్రతిసారీ "అమ్మా, గట్టిగా పట్టుకోండి" అనేవారు.

అల్వాల్ నుంచి బట్టల వ్యాపారం చేసే ఒక ముస్లిం కుటుంబం పెద్ద కారులో వచ్చేది. వాళ్ళ దాదీకి, అంటే నానమ్మకు, ఈ పరీక్షంటే ఒళ్ళుమంట. "నీ బ్రేకు పాడుగాను! నా పాన్‌దాన్ మళ్ళ కింద పడ్డది. గిట్ల తొక్కితే నా పానం పోతది బిడ్డా!" అని తమలపాకుల ఇత్తడి డబ్బాను వెతుక్కుంటూ అరిచేది. "పోకుండా ఉండాలనే తొక్కుతున్నానమ్మా" అని ఆయన నవ్వేవారు.

నలభై ఎనిమిదిలో వాళ్ళు కారు ఇక్కడే వదిలి, రైల్లో సొంతూరికి పెళ్ళికి వెళ్ళారు. వెంటనే పోలీసు యాక్షన్ వచ్చిపడింది. ఊళ్ళల్లో ముస్లింలకు ఏం జరుగుతోందో వినాలంటేనే వణుకు పుట్టేది. కొన్నాళ్ళకు వాళ్ళ డ్రైవర్ యాదగిరి ఒక్కడే కారు తెచ్చాడు.

"సాబ్, మావోళ్ళు దోస్తు ఇంట్ల దాక్కున్నరంట. తోల్కరమ్మని కబురొచ్చింది. దాదీకి జ్వరం సుత ఉన్నదంట. చీటీ లేకుంటే దారిల మిలిట్రీవోళ్ళు పోనిస్తలేరు. జెర జల్దీ చెయ్యుండ్రి."

శామ్యూల్ గారు వంగి వెనక చక్రాల వైపు చూశారు. కారు వెనకభాగం బాగా కుంగి ఉంది. "వెనక ఏం వేసుకొచ్చావయ్యా?" అని అడిగారు. "ఏం లేదు సాబ్." తలుపు తీసి చూశాం. నిజంగానే ఏమీ లేదు. వాలులో బ్రేకు తొక్కితే ఆ ఖాళీ బండి నిండా జనం ఉన్నట్టు వేపచెట్టు దాటి చాలా దూరం జారిపోయింది.

"కొత్త బ్రేకు లైనింగులు వేయించి రేపు తీసుకురా" అన్నారు.

యాదగిరి ఆయన కాళ్ళ మీద పడ్డాడు. "రేపటిదాంక ముసలామె ఆగదు సాబ్!" నేనూ బతిమాలాను. "పిల్లలు కూడా ఎక్కుతారు కదయ్యా" అన్నారాయన. చీటీల పుస్తకం మూసేశారు.

మర్నాడు మధ్యాహ్నం కొత్త లైనింగులతో మళ్ళీ వాలు దిగాం. గీత దగ్గరికి రాగానే అలవాటుకొద్దీ ఆయన "అమ్మా, గట్టిగా పట్టుకోండి" అనేశారు. కారు వేపచెట్టుకు ఇవతలే ఆగింది. అదే క్షణంలో వెనక నేల మీద ఇత్తడి డబ్బా పడి దొర్లిన చప్పుడైంది. ఇద్దరం తిరిగి చూశాం. ఏమీ లేదు. తమలపాకు వాసన మాత్రం గుప్పుమంది. కిందికి దిగి చూస్తే, నిన్నటి నుంచి కుంగే ఉన్న వెనకభాగం మామూలు ఎత్తుకు లేచి ఉంది. ఆయన చీటీ రాసి యాదగిరి చేతిలో పెట్టారు.

కొన్నాళ్ళకు ఆ కారు నేరుగా మా ఆఫీసుకే వచ్చింది. పిల్లలంతా ఉన్నారు. దాదీ లేదు. ఆమె కోడలు దిగి చెప్పింది: "వచ్చేటప్పుడు మలుపుల వాగు మీది మోరీ కూలిపోయి ఉండె సార్. కారు అంచుకొచ్చి ఆగింది. ఆగకపోతే మేం ఎవ్వరం మిగలకపోదుం."

"అమ్మ?" అన్నారు శామ్యూల్ గారు.

"యాదగిరి వచ్చేవరకే మట్టి ఇచ్చినం. పోయిన దినం మధ్యాహ్నం లేచి కూసుని మంచం పట్టె గట్టిగ పట్టుకున్నది. 'ఆగింది బిడ్డా, నా పాన్‌దాన్ పడ్డది, చూడుండ్రి' అన్నది. అంతే సార్."

"ఏ రోజు?"

యాదగిరి తలవంచుకున్నాడు. "మీరు రెండోపారి బ్రేకు చూసిన దినమే సాబ్."

వాళ్ళు వెళ్ళాక ఆయన కుర్చీలో కూలబడి ఏడ్చారు. "మొదటి రోజే పంపితే యాదగిరి ఆమెను బతికుండగా చూసేవాడు కదోయ్" అన్నారు. పంపి ఉంటే ఆ మోరీ దగ్గర ఏమయ్యేదో ఇద్దరికీ తెలుసు. అయినా ఆయనకు ఊరట దొరకలేదు. నాకూ దొరకలేదు.

మరుసటి ఏడు ఆ కుటుంబం తనిఖీకి వచ్చినప్పుడు పిల్లలు ఇరుక్కుని కూర్చున్నారు గానీ దాదీ చోటులోకి ఎవరూ జరగలేదు. ఆయన గీత దగ్గర ఆ మాట అన్నారు. పిల్లలు ఆ ఖాళీ చోటుకు అడ్డంగా చేతులు చాచారు.

ఆయన పోయాక బళ్ళు పరీక్షించే ఆయన సీట్లో చాలా ఏళ్ళు నేనే కూర్చున్నాను. ఇప్పుడు నాకో పాత కారుంది. ఒంటరిగా వెళ్తున్నా సరే, బ్రేకు మీద కాలు వేసేముందు "అమ్మా, గట్టిగా పట్టుకోండి" అంటాను. వెనక ఏదో సర్దుకుని కూర్చున్న అలికిడి వినిపిస్తుంది. అది వినిపించాకే తొక్కుతాను.