మెరుగు పెట్టిన ఉంగరం

శ్రీరస్తు. యమపాశమును మరలించిన మార్కండేయ మహామునికి, మా నేతవారికి మూలపురుషుడైన భావనారుషికి నమస్కరించి, వికారి నామ సంవత్సర వైశాఖ శుద్ధ దశమి నాడు, అనగా ఇంగ్లీషు లెక్కకు పందొమ్మిది వందల యాభై తొమ్మిదిలో, రామన్నపేటలో మా ఇంట మొదలైన సంగతిని ఉన్నదున్నట్లు వ్రాస్తున్నాను.

నేను దయ్యాలను నమ్మినదానిని కాను. మా బాపు మగ్గం గుంటలో కూర్చొని నేస్తూనే నాకు వ్యాకరణమూ ప్రబంధాలూ చెప్పినవాడు. పద్యంలో భూతప్రేతాలు వస్తే కవి చమత్కారమని మెచ్చుకొనేవాడు. ఇంట్లో ఎవరైనా ఆ మాటెత్తితే మందలించేవాడు. నేటికీ నా బుద్ధి అటే మొగ్గుతుంది. అందువల్లనే ఈ సంగతి నాకు మింగుడుపడదు.

ఆ దశమి నాడు నాకు పూలుపండ్లు జరిగాయి. సంబంధం ఖాయం చేసుకొనే వేడుకకు మా వైపు అదే పేరు. వరునిది జడ్చర్ల, నూలు దుకాణం. తండ్రి లేడు. వ్యవహారమంతా తల్లిది. లగ్నం జ్యేష్ఠమాసానికి పెట్టారు.

ఉంగరాలు ఎంచుకొనడానికి ఆనాడే మా ఊరి అవుసలిని పిలిపించాము. అతడు ఎర్రని గుడ్డ పరచి ఉంగరాలు పేర్చాడు. వరునికి తామరమొగ్గ చెక్కినదానిని నేను ఎంచాను. నాకని ఒక పచ్చరాయి ఉంగరం తొడుక్కొని చూచుకొంటుండగా కాబోయే అత్త నా చేయి పట్టి దానిని లాగివేసింది.

“పచ్చరాయి మా ఇంటికి అచ్చిరాదు బిడ్డా. నీ ఉంగురం నేనే తెచ్చిన,” అని బొడ్డుసంచి విప్పింది.

అది ఎర్రరాయి ఉంగరం. అవుసలి వెలుతురుకు పట్టి చూచాడు.

“అమ్మా, గిది కొత్తది గాదు. మీద మెరుగు పెట్టిండ్రు, గంతే. కరిగించి మళ్ల పోసియ్యల్నా?”

“నీ తరుగుకు కరిగిస్తే నాకు మిగిలేది పొగనే! జర మూసుకోని కూసో.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఒక పిల్లకు పెట్టిన పెండ్లి ఉంగరాన్ని, ఆ సంబంధం తప్పిపోతే, కరిగించి పోయనిదే మరొక పిల్లకు తొడగరాదని మా వైపు ఆచారం. ఆ ఉంగరానికి అటువంటి పూర్వకథ ఉన్నదని మాలో ఎవరికీ తోచలేదు. వియ్యపురాలి అత్తగారి నాటి సొమ్మేమోనని మా అమ్మ అనుకొన్నది.

ఉంగరం నా వేలికి సరిగ్గా సరిపోయింది. వదులైన ఉంగరానికి లోపలివైపు పోగు చుట్టి బిగించుకొనడం మా ఆడవారి అలవాటు. ఆనాడు దానిలో ఏ పోగూ లేదు. ఈ మాటను పాఠకులు గుర్తుంచుకొన ప్రార్థన.

పున్నమి లోపలే నాకు జ్వరం తగిలింది. ఉంగరపు వేలు ఉబ్బి, రాయి చుట్టూ మాంసం పొంగింది. సబ్బునీటికీ, నూనెకూ ఉంగరం కదలలేదు. వేలు నీలి రంగుకు తిరిగిన పొద్దున బాపు నన్ను బస్సులో నల్లగొండ దవాఖానకు చేర్చాడు.

విషం చేతికెక్కుతున్నదనీ, ఉంగరం కోయించకపోతే వేలు తీయవలసి వస్తుందనీ, ఇంకా ఆలస్యమైతే ప్రాణానికి తాను పూచీ కాదనీ డాక్టరు చెప్పాడు. మా అమ్మ ఆయన చేతులు పట్టుకొన్నది.

“పెండ్లి ఉంగురం కోస్తే పెండ్లి కోసినట్టే గద సారూ! జర ఒక్కరోజు ఆగుండ్రి.”

వియ్యాలవారికి తెలుపక కోయించడం మర్యాద కాదని బాపు కూడా జడ్చర్లకు మనిషిని పంపాడు. మరునాడు మధ్యాహ్నం కాబోయే అత్త వచ్చింది. నా ముఖం చూడలేదు. మంచం పక్కన నిలిచి మా అమ్మతో అన్నది:

“వదినా, పిల్ల లేచి తిరిగితే అప్పటి సంగతి అప్పుడు. మా బంగారం మాకు ఇప్పియ్యిండ్రి.”

“పానం మీదికొచ్చిన పిల్లకాడ అడిగే మాటేనా గిది?”

“పానం పోయినంక అడిగితే మీరిస్తరా?”

ఆ మాట నేను విన్నాను. ఇంతవరకే నాకు జ్ఞాపకం. తరువాతిది మా అమ్మా, అక్కడున్న దవాఖాన నర్సూ చెప్పినది. ఇద్దరినీ బాపు విడివిడిగా అడిగాడు. ఇద్దరూ ఒకే తీరున చెప్పారు.

ఆమె నా వేలు పట్టి లాగింది. అంత వాపులో నుండి ఉంగరం ఎండిన కంకిలోని గింజవలె ఊడివచ్చింది. దాని లోపలివైపు నీలి నూలుపోగు చుట్టి ఉన్నది, తడిగా ఉన్నది. ఆమె దానిని చూచి, “నేను చుట్టిన పోగు… ఇప్పి పారేసిన గదా!” అన్నది.

అప్పుడు నేను కన్నులు తెరవకుండానే లేచి కూర్చొన్నానట.

“నా ఏలు సన్నగున్నదని పోగు జుట్టినవ్ గదా అత్తా. నీ ఏలుకు పోగు అక్కర్లేదు.”

ఆమె చేతిలోని ఉంగరం లాగుకొని ఆమె వేలికే తొడిగాను. ఆమెవి లావు వ్రేళ్ళు. చిటికెన వేలికైనా అది ఎక్కరాదు. ఉంగరపు వేలి మొదలంటా దిగింది. ఆమె “యాదమ్మా, వద్దు!” అని అరచి, చేయి విదిలించుకొంటూ బయటికి పరుగెత్తింది.

నా పేరు యాదమ్మ కాదు. ఆ పేరు గలవారు మా బంధువులలో లేరు.

దీపాల వేళకు నా జ్వరం దిగింది. వేలికి రక్తం ఆడింది. మందు పనిచేసిందని డాక్టరు అన్నాడు. కావచ్చును.

అమావాస్య దాటినాక వరుడు ఒంటరిగా మా ఇంటికి వచ్చి నిజం చెప్పాడు. దేవరకొండ దగ్గరి యాదమ్మ అనే పిల్లతో అతనికి ముందు పూలుపండ్లు జరిగాయి. ఆమెకు జ్వరం పట్టగానే, చావబోయే పిల్ల వేలికి బంగారం ఎందుకని వరుని తల్లి వెళ్ళి, తెలివిలో ఉన్న ఆ పిల్ల చేతినుండే ఉంగరం తీసుకొని సంబంధం తెంచివచ్చింది. పోవద్దత్తా అని ఆ పిల్ల కొంగు పట్టుకొన్నదట. ఆ వారంలోనే చనిపోయింది.

“గప్పుడు నువ్వేడ ఉన్నవ్ బిడ్డా?” అని బాపు అడిగాడు.

“దుకాణంల ఉన్న మామా.”

“మా పిల్ల దవాఖానల ఉన్నప్పుడు?”

అతడు మాట మార్చాడు. తల్లి చేయి వాచిందనీ, నేను వచ్చి ఆ ఉంగరాన్ని తాకితే ఊడుతుందని ఆమె ఏడుస్తున్నదనీ చెప్పి, ఒక్కసారి రమ్మని నన్ను బతిమాలాడు. తలుపు చాటునుండి నేనే బదులిచ్చాను:

“కోయించుండ్రి. తరుగు పోతది, అంతేగద.”

అతడు తెచ్చిన పండ్లతో సహా తిరిగి వెళ్ళాడు. ఆ సంబంధం అంతటితో తెగింది.

జ్వరంలో మనుషులు ఏవేవో పలుకుతారు. యాదమ్మ కథ పూలుపండ్లనాడు ఎవరైనా గుసగుసలాడగా నా చెవిని పడి ఉండవచ్చు. వాపు తీసినందున ఉంగరం జారి ఉండవచ్చు. ఇన్ని సమాధానాలు చెప్పుకొన్నా ఆ నీలి పోగు ఎక్కడిదో, ఆ లావు వేలికి ఉంగరం ఎట్లా దిగిందో నేను చెప్పలేను. తలుపు చాటునుండి పలికిన మాట మాత్రం పూర్తిగా నాదే.

వికారి నామ సంవత్సర జ్యేష్ఠ బహుళ ద్వాదశి నాడు వరుని తల్లి ఉంగరపు వేలిని దవాఖానలో తీసివేశారు. మా ఇంటినుండి ఎవరూ పరామర్శకు వెళ్ళలేదు.