బొట్టోడి నెత్తురు

ఆ ఉదయం కూడా ఎప్పటిలాగే దొడ్డి తడిక తీశాను. గొర్రెలను బయటికి వదిలి, పెంట ఊడ్చి, తొట్టిలో నీళ్లు నింపి, బీరప్ప ముందు దీపం పెట్టాను. చేతులు జోడించి ఉండగానే, మా చెల్లె భర్త తాండూరు నుంచి మొదటి బండికి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. మేనకోడలిని చూడడానికి వాళ్లింటికి వెళ్లిన మా తమ్ముడు తెల్లవారి లేవలేదని చెప్పాడు. నిద్రలోనే గుండె ఆగిందట.

తమ్ముడు హైదరాబాదులో ఒక ల్యాబులో పనిచేసేవాడు. గొర్రెలు కాసే మా ఇంట్లో అంత చదివింది వాడొక్కడే. వాడు ఆ పని పట్టుకోవడానికి కారణం మా చెల్లె. కాన్పయ్యాక ఆమెకు గ్లూకోజు ఎక్కిస్తుండగా చలి, వణుకు పుట్టాయి. ఎన్ని గొంగళ్లు కప్పినా ఆగలేదు. బిడ్డ దక్కింది, తల్లి దక్కలేదు. సీసా, గొట్టం మరిగించినవేనని ఆసుపత్రివాళ్లు అన్నారు. అది నిజమే కూడా.

"మరిగిస్తె పురుగు సస్తదక్కా. దాని యిషం సావది" అనేవాడు తమ్ముడు. ఎక్కించే నీళ్లలో ఆ విషం ఉందో లేదో ముందే పట్టిచ్చేది ఒకటి తయారుచేయాలన్నదే వాడి తపన.

దానికి నెత్తురు కావాలి. చంపిన సూక్ష్మజీవులను కొద్దికొద్దిగా సూదితో ఇస్తే, జంతువు ఒంట్లో ఆ విషాన్ని గుర్తుపట్టే యాంటీబాడీలు పుడతాయట. ల్యాబులోని కుందేళ్ల నెత్తురు చాలలేదు. నాయినను ఒక పొట్టేలు అడిగాడు. దాన్ని కోయనని మాట తీసుకున్నాకే, నుదుట తెల్లమచ్చ ఉన్న బొట్టోణ్ని నాయిన చూపించాడు.

తమ్ముడు నెలకోసారి వచ్చేవాడు. నాయిన బొట్టోడి తలను మోకాళ్ల మధ్య పట్టుకుంటే, వాడు మెడ దగ్గర ఉన్ని కత్తిరించి సూది దించేవాడు. "జర ఓర్సుకో" అంటూ నెత్తురు తీసి, తర్వాత బెల్లం పెట్టేవాడు. "నాకు సూదేస్తే ఎవ్వడూ బెల్లమియ్యకపాయె" అని నాయిన నవ్వేవాడు.

ఒక చలికాలం వాడి మొహం వెలిగింది. బొట్టోడి నెత్తురు గడ్డకట్టాక పైన తేలిన సీరం, విషమున్న నీళ్లలో తెల్లగా మబ్బు కట్టిందట. అంటే విషం పట్టుబడినట్టే. ఇంకొన్ని విడతలు తీస్తే చాలన్నాడు. అంతలోనే టైఫాయిడుతో పడ్డాడు. బతుకుతాడన్న ఆశ పోయిన రోజున నాయిన బీరప్పకు మొక్కుకున్నాడు. మా ఇళ్లలో మొక్కుకు మందలోని మేలైనదే ఇవ్వాలి. మేలైనది బొట్టోడే.

కోలుకొని వచ్చినవాడు సీసాలతో నేరుగా దొడ్డిలోకి నడిచాడు. నాయిన వెనకే వెళ్లాడు.

"నీ పానం అడిగిన బిడ్డా. దాని పానం ఇచ్చిన."

తమ్ముడు సీసాలు తిరిగి సంచిలో పెట్టుకున్నాడు. "మంచిగనే చేసినవ్ నాయినా" అన్నాడు. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అందుకేనేమో నాయినకు అది ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

తర్వాత ఎన్ని పొట్టేళ్లకు సూదులిచ్చినా అలాంటి నెత్తురు రాలేదు. మేమందరం దేవుణ్ని వాడి ప్రాణమే అడిగాం. వాడు అడిగింది వేరు.

చావుకబురొచ్చిన ఆ సాయంత్రమే తమ్ముణ్ని సాగనంపి వచ్చి దొడ్డి ముందు కూర్చున్నాం. దినానికి పొట్టేలును కోయడం మా ఆనవాయితీ. ఎదిగినది ఒక్కటే ఉంది. బొట్టోడి సంతతే, నుదుట అదే మచ్చ. దినానికి పప్పన్నమే పెట్టాలనీ, దాన్ని అమ్మకుండా, ఏ మొక్కుకూ ఇవ్వకుండా ముసలిదయ్యేదాకా మందలోనే ఉంచాలనీ అనుకున్నాం. నాయిన అప్పటికే దాని తలను మోకాళ్ల మధ్య పట్టుకొని కూర్చున్నాడు, సూది తెచ్చే మనిషి కోసం చూస్తున్నట్టు.