దుమ్మనుకుని తుడిచిన చుక్కలు

నేను రిటైరవడానికి రెండేళ్ల ముందు, ఒక శ్రావణమాసంలో, తెనాలిలో మా ప్రెస్సువారు నాకొక ఫాక్సిమిలీ పని అప్పగించారు. అప్పటికి ప్రీప్రెస్‌లో సీనియర్ ఆపరేటర్ని. పేజీలు స్కాన్ చేసి, మచ్చలు తీసి, ప్లేటుకు సిద్ధం చేయడం మా విభాగం పని. ఫాక్సిమిలీ అలా కాదు. చేతిరాతను కొట్టివేతలతో, మరకలతో సహా ఉన్నదున్నట్టు అచ్చువేయాలి.

పని తెచ్చినవారు బాపట్ల జహీర్ మాస్టారు. పిల్లల కథల చేతిరాత ప్రతులకు వేసిన ఫాక్సిమిలీలు సేకరించడం ఆయనకు పిచ్చి. బీరువా నిండా అవే. తనకు చదువు చెప్పిన రేపల్లె మాస్టారి కథలు మాత్రం ఎక్కడా అచ్చుకాలేదు. ఆ మాస్టారు పోయాక, ఆయన భార్య సుభద్రమ్మ గారిని బతిమాలి ఆ కథల నోటుబుక్కు తెచ్చారు. కాగితం ముట్టుకుంటే పొడి రాలుతోంది.

స్కాన్ కాగానే పుస్తకం వెనక్కి పంపేశాం. పేజీల అంచుల్లో సన్నని పెన్సిలు చుక్కలున్నాయి. ముప్పై ఏళ్ల అలవాటు ఊరుకుంటుందా? దుమ్మనుకుని అన్నీ తుడిచేశాను. ముడి స్కాన్ విడిగా దాచాలన్నది మా పనిలో మొదటి పాఠం. నేను తుడిచిన పేజీలను దాని మీదే సేవ్ చేశాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ప్రూఫు చూసి జహీర్ గారు గతుక్కుమన్నారు. తరగతిలో కథ చదువుతుంటే పిల్లలు నవ్విన చోటల్లా రేపల్లె మాస్టారు చుక్క పెట్టుకునేవారట. మళ్లీ చదివేటప్పుడు అక్కడ కాసేపు ఆగేవారట. ఫాక్సిమిలీలో వాటిని తుడిచేవాడు ఉంటాడని జహీర్ గారు ఊహించలేదు.

మర్నాడే ఇద్దరం రేపల్లె వెళ్లాం. తప్పు నాదేనని సుభద్రమ్మ గారికి చెప్పాను. చుక్కల కోసం పేజీలు మళ్లీ ఫొటో తీయాలని, తెరిస్తే అవి విరగవచ్చని కూడా చెప్పాను. ఆవిడ తిట్టలేదు. "తీయండి బాబూ, పెట్టెలో ఉంటే మాత్రం నిలుస్తుందా ఏంటి" అన్నారు.

వాళ్ల వరండాలోనే, పైనుంచి కెమెరాతో ఒక్కో పేజీ తీశాను. చుక్కలన్నీ దక్కాయి, ఒక్క పేజీవి తప్ప. దాని అంచు నా చేతిలోనే పొడైంది. రాత నా పాత స్కాన్‌లో ఉంది, చుక్కలు లేవు. ఆవిడకు కథలన్నీ, మాస్టారు ఆగే చోట్లతో సహా, కంఠతా వచ్చు కాబట్టి, పిల్లలు ఎక్కడ నవ్వేవారో చెప్పమని జహీర్ గారు అడిగారు.

"గుర్తున్నాయి బాబూ. నేను చెబితే అవి నా చుక్కలవుతాయి, ఆయనవి కావండి. ఖాళీగా వదిలేయండి."

ఆ పేజీ అంచు ఖాళీగానే అచ్చయింది. కారణాన్ని పుస్తకం చివర నా పేరుతో ఒక వాక్యంలో వేయించాను. ఏది మచ్చో ఏది రాతో తేల్చే అధికారం ఆపరేటరుకు లేదు. తెలిసినవాళ్లను అడిగేదాకా పేజీ మీద చెయ్యి వేయకూడదు.